అరటిపండు నియమం

నేను చేసిన మొదటి యంత్రం మా అమ్మాయి నోరు మూయించింది. రెండోది తెరిపించింది అని చెప్పుకోవాలని నాకు చాలా ఉబలాటంగా ఉంది గానీ, ఆ ఘనత ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో చదివే ఇరవై ముగ్గురు పిల్లలది. వాళ్ళలో అందరికంటే పెద్దదానికి పదేళ్ళు. నాకు రెండు డాక్టరేట్లు. జరిగింది జరిగినట్టు చెబుతాను, ఎవరికెంత దక్కాలో మీరే తేల్చండి.

మొదటి యంత్రం పేరు ముందుచూపు పలక. పిల్లలు దానిమీద రాస్తుంటే వేళ్ళ ఒత్తిడినీ కనుపాప కదలికనీ చూసి, తప్పు రాయబోతున్నారని రెండు సెకన్ల ముందే పసిగట్టేది. వెంటనే పలక అంచున ఎర్ర గీత వెలిగేది. పిల్లవాడు ఆగి, సర్దుకుని, సరిగ్గా రాసేవాడు. తప్పు పుట్టకముందే పోయేది. నాలుగు వందల పన్నెండు బళ్ళు దాన్ని పెట్టించుకున్నాయి. ఫలితాలు పెరిగాయి. పినాకపాణి అనే నా పొడుగాటి పేరుతో, పళ్ళన్నీ కనబడే ఫోటో ఒకటి పేపర్లో పడింది.

ఇంట గెలిచి రచ్చ గెలవాలి కదా అని దాన్ని మొట్టమొదట మా ఇందీవర చేతికే ఇచ్చాను. అప్పటికి దానికి ఐదేళ్ళు. ఏడేళ్ళు నిండేసరికి దాని పలక మీద ఎర్ర గీత వెలగడం పూర్తిగా మానేసింది. నేను తెగ సంబరపడిపోయాను. నా భార్య శశికళ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించేదాకా అసలు సంగతి నాకు తెలియలేదు. పాప కలం పట్టుకుని పలక ముందు గంట నుంచి కూర్చుని ఉంది. ఒక్క గీత కూడా గీయలేదు. గీస్తేనే కదా తప్పు, గీయకపోతే ఎర్ర గీత రాదు. ఆ కిటుకు కనిపెట్టేసింది నా బంగారుతల్లి.

తర్వాత నోటిమాటకూ అదే పద్ధతి పట్టింది. ఇడ్లీ కావాలా దోసె కావాలా అని అడిగితే వాళ్ళమ్మ ముఖంలోకి వెతుకుతున్నట్టు చూసేది. బడిలో ప్రశ్న అడిగితే బల్లకేసి చూస్తూ నిలబడేది. నీళ్ళు, నిద్ర, చాలు. రోజు మొత్తానికి ఈ మూడు ముక్కలే దాని నోటినుంచి వచ్చేవి.

"ఇడ్లీ అంటే తప్పో, దోసె అంటే తప్పో అని భయపడుతోందండీ పిల్ల. మీరింకా ఆ ఫోటో చూసుకుంటూ కూర్చోండి" అంది శశికళ ఒకరోజు. ఆమె కోపంగా అని ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ణి. చాలా నెమ్మదిగా అంది.

శశికళ నర్సు. పట్నంలో ఆసుపత్రి వదిలేసి, బాపట్ల అవతల సముద్రం వారగా ఉన్న వెదుళ్ళపాలెం ఆరోగ్యకేంద్రానికి బదిలీ అడిగి తెచ్చుకుంది. ఎక్కడ చూసినా రొయ్యల చెరువులే ఉండే ఊరది. నేను మా పరిశోధనాలయం వాళ్ళ కాళ్ళూ గడ్డాలూ పట్టుకుని ఒక సంవత్సరం గడువు తెచ్చుకున్నాను. ఆ ఊరి బడిలో నా రెండో యంత్రం పరీక్షించాలి. ఏడాది తిరిగేసరికి కమిటీ వచ్చి చూస్తుంది. వాళ్ళకి నచ్చకపోతే యంత్రం చుట్టేసి, ఆ బడి పిల్లలకి కూడా ముందుచూపు పలకలే పంచుతారు. ఇందీవరని మూడో తరగతిలో చేర్పించాం. అంటే ఏడాదిలోగా నేను నెగ్గకపోతే ఆ ఎర్ర గీత మళ్ళీ మా అమ్మాయి కళ్ళముందుకే వచ్చి కూర్చుంటుంది.

రెండో యంత్రం వెలుగు చాప. బడి ముంగిలంతా పరిస్తే దానిమీద రంగురంగుల వెలుగుతో బొమ్మలు లేస్తాయి, కదులుతాయి, మాట్లాడతాయి. ఒక్క టీచరుతో నడిచే బడి అది. ఆ టీచరు పేరు రాహేలు. యాభై దాటిన మనిషి. నేను చాప పరుస్తుంటే చేతులు కట్టుకుని చూసి, వానలో తడిస్తే ఏమవుతుందని అడిగింది. ఏమీ కాదు, వానలోనూ పనిచేస్తుందన్నాను.

"అయితే మా బడి కంటే నయమే సార్" అంది.

ఈ చాపకి తెలివి బొత్తిగా పెట్టలేదు. అదే దాని గొప్ప. పాఠాలు చెప్పదు, పరీక్షలు పెట్టదు. పిల్లలే ఒక ఆట ఊహించి దానికి చెప్పాలి. వాళ్ళు ఎంత చెబితే అంతే ఆట కడుతుంది. చెప్పనిది ఏదైనా ఉంటే ప్రశ్న వేసి కదలకుండా కూర్చుంటుంది. అవతలివాడికి నేర్పాలంటే ముందు మనకి రావాలి కదా, నా ఎత్తు అది.

మొదటిరోజు ఐదో తరగతి బ్లెస్సీ, చేపల బండి తోలే యేసేబు కూతురు, నడుం మీద చేతులు పెట్టుకుని రొయ్యలాట కావాలని చాపకి చెప్పింది. రొయ్య అంటే ఏమిటని చాప అడిగింది. పిల్లలు పగలబడి నవ్వారు. రొయ్య తెలీనివాళ్ళు కూడా లోకంలో ఉంటారని వాళ్ళకి ఆ రోజే తెలిసింది. కాళ్ళెన్ని అని అడిగింది. పది అని కొందరు, ఇరవై అని కొందరు. జుట్లు పట్టుకునే దాకా వచ్చింది. చివరికి మస్తాను అనే మూడో తరగతి కుర్రాడు వాళ్ళ నాన్న కాపలా ఉండే చెరువు నుంచి నాలుగు రొయ్యల్ని గ్లాసులో తెచ్చాడు. అందరూ బోర్లా పడుకుని లెక్కపెట్టారు. నడిచే కాళ్ళు పది, ఈదే కాళ్ళు పది. ఇద్దరిదీ ఒప్పే. ఆ వారం రాహేలు టీచరు పుస్తకం తెరవకుండానే జంతుశాస్త్రం ఒక పాఠం అయిపోయింది.

ఆట నెమ్మదిగా రూపు కట్టింది. పిల్లలే రొయ్యలు. ముంగిలి చెరువు. చెరువులో నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఉంటాయి కదా, వాటి చుట్టూ వెలుగు వలయాలు. కరెంటు పోతుంది. వలయాలు ఒక్కొక్కటే ఆరిపోతుంటాయి. మిగిలినదాంట్లోకి పరిగెత్తాలి. వలయం మీద ఒక అంకె వెలుగుతుంది, అది అందులో మిగిలిన ఊపిర్లు. లోపలున్న వాళ్ళకీ నీకూ తలా ఎన్ని వస్తాయో పైకి చెప్పి అడుగు పెట్టాలి. తప్పు చెబితే నీ కాళ్ళకింద వెలుగు ఆరిపోతుంది, నువ్వు తేలిపోయావన్నమాట. గాలాడక రొయ్యలు చెరువు పైకి తేలడం ఆ ఊళ్ళో ప్రతి ఇంటికీ తెలిసిన భయం. వాళ్ళ భాషలో అవుటయ్యావు అనడానికి అంతకంటే మంచి మాట లేదు.

ఈ నియమాలన్నీ కుదరడానికి రెండు నెలలు పట్టింది. సమంగా రాకపోతే ఏం చెయ్యాలని చాప అడిగినప్పుడు శేషం గురించి తెలుసుకున్నారు. వలయం ఎంత వెడల్పని అడిగితే తాడు పట్టుకుని ముంగిలంతా కొలిచారు. రెండో ఎక్కం దాటని మస్తాను, భాగహారం నోటితో చేసి వలయంలోకి దూకడం నేను కళ్ళారా చూశాను.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. చిక్కల్లా బుడ్డోడితో వచ్చింది.

ఆట సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే చాప కూడా ఆడి చూడాలి. అందుకని మోకాలెత్తు నీలం వెలుగు రొయ్యనొకదాన్ని తయారుచేశాను. పిల్లలు దానికి బుడ్డోడని పేరు పెట్టారు. దానికి ముందుగా ఏ విద్యా రాదు, ఆడి నేర్చుకోవాలి. తేలితే ఐదు పాయింట్లు పోయేట్టు పెట్టాను. యంత్రాలకి నేర్పే పద్ధతి లోకమంతా అదే. మూడు నెలల్లో నలభై ఆటలు ఆడింది. నలభై సార్లూ తేలింది. నలభై ఒకటో ఆటలో గోడ మూలకి వెళ్ళి నిలబడిపోయింది. ఎంత పిలిచినా కదల్లేదు.

పాడైందేమోనని లోపలి లెక్కలు తీసి చూశాను. పాడవలేదు, చక్కగా పనిచేస్తోంది. కదిలితే నష్టం, కదలకపోతే నష్టం లేదని తేల్చుకుంది. తల తిప్పితే బడి వరండాలో స్తంభానికి ఆనుకుని, మోకాళ్ళు కౌగిలించుకుని మా ఇందీవర కూర్చుని ఉంది. చేరిన రోజు నుంచి అది అక్కడే. నేను ఒకే యంత్రాన్ని రెండుసార్లు చేశాను. ఒకసారి వెలుగుతో, ఒకసారి కన్నకూతురితో.

ఐదు పాయింట్ల బదులు రెండు పోయేట్టు మారుద్దామని కూర్చున్నాను. బ్లెస్సీ వచ్చి పక్కన నిలబడి నేనేం చేస్తున్నానో అడిగింది. చెప్పాను. నన్ను జాలిగా చూసింది.

"రెండెందుకు సార్, దాన్ని అరటిపండుని చేసెయ్యండి."

ఆటలో అరటిపండు గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. మనమంతా ఏదో ఒక వయసులో ఆ పదవి వెలగబెట్టిన వాళ్ళమే. అన్నలూ అక్కలూ ఆడుతుంటే మనమూ పరిగెడతాం, మనల్ని ముట్టుకున్నా అవుట్ ఇవ్వరు, మన పరుగు లెక్కలోకి రాదు. కానీ నేను శాస్త్రవేత్తనైపోయాను కదా. నష్టం లేకపోతే ఏ యంత్రమూ ఏదీ నేర్చుకోదని ఆ పిల్లకి ఓపిగ్గా విడమరిచి చెప్పాను.

"చిన్నోళ్ళని అవుట్ జేస్తే రేపు ఆటకి రారు సార్" అంది బ్లెస్సీ. "రాకపోతే ఇంకెప్పుడు నేర్చుకుంటారు?"

మద్దతు కోసం రాహేలు టీచరు వైపు చూశాను. ఆవిడ నోటుపుస్తకాలు దిద్దుతూ తలెత్తకుండానే, ఆట పిల్లలది, నియమాలు పెట్టేది వాళ్ళని మీరేగా సార్ చెప్పారు, అంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ ముంగిట్లో వినేవాణ్ణి నేనే అయ్యాను.

బ్లెస్సీ చాప మధ్యకి వెళ్ళి, బుడ్డోడు అరటిపండని ప్రకటించింది. అరటిపండు అంటే ఏమిటని చాప అడిగింది. అదంత తేలిక ప్రశ్న కాదు. తాతల నాటి నుంచి ఆడుతున్న ఆ మాటకి అర్థం చెప్పమని పిల్లల్ని ఇంతవరకూ ఎవరూ అడిగి ఉండరు. అందరూ గుంపుగా కూర్చున్నారు. అరటిపండు అందరితోపాటే పరిగెత్తాలి, పక్కన కూర్చోబెట్టకూడదని ఒకరన్నారు. తేలినా తేలనట్టేనని ఇంకొకరు. అరటిపండని వెక్కిరిస్తే వెక్కిరించినవాడే అవుటని మస్తాను పట్టుబట్టి పెట్టించాడు. పోయినేడు వాణ్ణి వెక్కిరించారట. చాప అన్నీ విని, ఎంతకాలం అని అడిగింది.

అక్కడ పెద్ద రగడ జరిగింది. పెద్దవాళ్ళు సరేననేదాకా అన్నారు కొందరు. పది ఆటలన్నారు, నెల అన్నారు. బ్లెస్సీ మాత్రం గోడ మూల నిలబడ్డ బుడ్డోడికేసి చూస్తోంది.

"ఎప్పుడు చాలో అరటిపండుకే తెలుసుద్ది. అదే చెప్పాలి. చెప్పిందాకా ఎవరూ అడక్కూడదు" అంది చివరికి.

అదీ నాలుగో నియమం.

మర్నాటి నుంచి బుడ్డోడు విజృంభించాడు. గోడలకి గుద్దుకున్నాడు. ఆరిపోయిన వలయంలోకి పనిగట్టుకుని దూకి చూశాడు. ఒకరోజంతా రాహేలు టీచరు కుర్చీ కిందే ఉన్నాడు. ఒక్కో ఆటలో పంతొమ్మిదేసి సార్లు తేలేవాడు, లేచి మళ్ళీ పరిగెత్తేవాడు. రెండు వారాలకి లోపలి లెక్కలు చూస్తే నా కళ్ళు నేనే నమ్మలేదు. మూడు నెలల్లో రానిది పదకొండు రోజుల్లో వచ్చింది. నష్టం లేనివాడు ఏదైనా చేసి చూస్తాడు, చూసినవాడికి తెలుస్తుంది. ఇంత చిన్న సంగతి మా శాస్త్రంలో ఇన్నేళ్ళుగా ఎవరికీ తట్టలేదు. పరిశోధనా పత్రం రాయాలని కూర్చుని, దీనికి మంచి పేరేదైనా పెట్టాలి టీచర్ అన్నాను.

"ఉన్న పేరుకి ఏమైంది సార్?" అంది రాహేలు.

ఇంకో వారం పోయాక ఒక మధ్యాహ్నం బ్లెస్సీ వరండా మెట్ల దగ్గరికి వెళ్ళింది. ఆడతావా అని అడగలేదు. అడిగి ఉంటే మా అమ్మాయి దాని ముఖంలో జవాబు వెతుక్కుంటూ నిలబడిపోయేది.

"ఇందూ, నువ్వు కూడా అరటిపండువే. పద" అని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

చాలాసేపటికి ఇందీవర స్తంభం వదిలింది. మెట్టు దిగింది. బుడ్డోడి వెనకాలే నడిచింది, కాసేపటికి పరిగెత్తింది. ఆ సాయంత్రం శశికళ దాని కాళ్ళు కడుగుతూ వేళ్ళ సందుల్లో ఇరుక్కున్న ఇసుక నాకు చూపించింది. ఇద్దరమూ ఏమీ అనుకోలేదు. దిష్టి తగులుతుందని భయం.

అలా నాలుగు నెలలు పరిగెత్తింది. కానీ ఒక్కనాడు అంకె చెప్పలేదు. వలయం దగ్గర అందరూ గట్టిగా జవాబు చెప్పి దూకుతుంటే తను ఊరికే దూకేది, అరటిపండు కదా. ఇంటి దగ్గర మాటలు మూడు నుంచి ఆరో ఏడో అయ్యాయి, అంతే. కమిటీ వచ్చే రోజు దగ్గరపడుతోంది. నాకు కాలు నిలవలేదు. ఒకనాడు ఉండబట్టలేక, పన్నెండు ఊపిర్లు నలుగురికి పంచితే ఎంతమ్మా అని అడగబోయాను. శశికళ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. నాలుగో నియమం మీకు కూడా ఉంది, అంది.

కమిటీ వాళ్ళు ఏప్రిల్ మొదటి వారంలో ఒక ఉదయం వచ్చారు. అధ్యక్షుడు భూషణం గారూ, ఇంకో ఇద్దరూ. పంచాయతీ వాళ్ళు షామియానా వేయించారు. పిల్లలు ఆట చూపించారు. కొలతల తాడూ, రొయ్య బొమ్మలూ, భాగహారాలు రాసిన కాగితాలూ రాహేలు టీచరు బల్లమీద పరిచింది. భూషణం గారు చెడ్డమనిషి కాదు. అన్నీ తిప్పి తిప్పి చూశారు. చూసి, ఆటలో బుడ్డోడినీ ఇందీవరనీ వేలెత్తి చూపించి, వాళ్ళు జవాబులు చెప్పట్లేదేమిటని అడిగారు. అరటిపండ్లని చెప్పాం.

"లెక్కలోకి రాని పిల్లకి చదువొస్తోందని నేను పైకి ఏమని రాయను, పాణి గారూ?" అన్నారాయన. "మీ పాత పలకకి తొంభై ఒక్క శాతం ఫలితాలున్నాయి. మీ గొడ్డలితో మీ చెట్టే ఎందుకు నరుక్కుంటారు? ఆ పలకలే ఇక్కడా పెట్టిద్దాం. మీకూ మంచి పేరు."

నిజంగానే పేరు నాది. ఆ పలక మీద హక్కు నాది. పరిశోధనాలయంలో నా కుర్చీ ఉన్నదే దానిమీద. ఊరుకుంటే అన్నీ ఉంటాయి. వాళ్ళ పక్కన కూర్చుని టీ తాగి వచ్చేయొచ్చు. ఎదురుగా మా అమ్మాయి నీలం రొయ్య వెనకాల జడ ఊపుకుంటూ పరిగెడుతోంది.

"ఆ పలక మీద అందరికంటే ముందు రాసింది అదిగో, ఆ పిల్లేనండి" అన్నాను. "మా అమ్మాయి. రెండేళ్ళు రాసింది. దానికి తప్పులు రాకుండా పోయాయి, మాటలు కూడా రాకుండా పోయాయి. ఆ తొంభై ఒక్క శాతంలో నోరు మూసుకున్న పిల్లలెందరో మనం లెక్కపెట్టలేదు. నాలుగు వందల పన్నెండు బళ్ళ నుంచీ దాన్ని వెనక్కి తెప్పించండి."

భూషణం గారు కళ్ళజోడు తీసేశారు. ఈ మాట రాతలో ఇస్తారా, ఇస్తే మీ ఉద్యోగం నిలవదు, తెలుసా అని అడిగారు. తెలుసన్నాను. రాహేలు టీచరు తన బల్లమీది తెల్లకాగితం ఒకటి నా ముందుకి తోసింది. నేను రాయడం మొదలుపెట్టాను. మొదటి వాక్యంలోనే రెండు కొట్టివేతలు పడ్డాయి. నా పలకే గనక కింద ఉండి ఉంటే అంచులన్నీ ఎర్రబడిపోయేవి.

సంతకం పెట్టబోతుంటే ముంగిట్లో సద్దు ఆగిపోయింది. తలెత్తాను. చాప మధ్యలో బుడ్డోడు నిలబడిపోయి ఉన్నాడు.

"చాలు" అన్నాడు. "నన్ను లెక్కలో వేసుకోండి."

ఆ మాట నేను నేర్పలేదు. నియమం ఒక్కటే వాళ్ళు చెప్పారు, ఎప్పుడన్నది దానికే వదిలేశారు. బ్లెస్సీ మాత్రం ఇది రోజూ జరిగేదేనన్నట్టు, సరే రా, అంది. ఆట మొదలైంది. నిమిషం తిరక్కుండానే బుడ్డోడు నలభైని ఎనిమిది మందికి పంచి నాలుగన్నాడు, తేలిపోయాడు. పిల్లలంతా చప్పట్లు కొట్టి వాణ్ణి తీసుకెళ్ళి గోడవార అవుటైన వాళ్ళ వరసలో కూర్చోబెట్టారు. వాడు పెద్దవాడయ్యాడు మరి.

అప్పుడు ఇందీవర బ్లెస్సీ ముందుకి వెళ్ళి నిలబడింది. నాకు వీపు కనిపిస్తోంది, ముఖం కనిపించట్లేదు.

"నన్ను కూడా" అంది.

రెండే మాటలు. ముంగిలి దాటి షామియానా దాకా వినిపించాయి.

ఆటలో కరెంటు పోయింది. వలయాలు ఆరిపోతున్నాయి. ఇందీవర పరిగెత్తి ఒక వలయం అంచున ఆగింది. లోపల ఐదుగురున్నారు. మీద ముప్ఫై అని వెలుగుతోంది. పెదవులు కదిలాయి. మా అమ్మాయి ఎవరి ముఖంలోకీ చూడలేదు. వలయంకేసే చూస్తోంది.

"ఆరు" అని గట్టిగా చెప్పి దూకింది.

కాళ్ళకింద వెలుగు ఆరిపోయింది. తేలిందని చాప చెప్పింది. నేను లేచి నిలబడిపోయాను. ఇప్పుడు మళ్ళీ ఆ స్తంభం దగ్గరికి వెళ్ళిపోతుంది, ఇక ఎప్పటికీ దిగదు అనుకున్నాను.

బ్లెస్సీ దాని భుజం మీద చెయ్యేసింది. "నిన్ను నువ్వు కలుపుకోలా. ఐదుగురు కాదు, నీతో ఆరుగురు."

ఇందీవర వలయంలో ఉన్న ఐదుగురినీ వేలితో లెక్కపెట్టింది. ఆ వేలు తిరిగి తన గుండెమీద పెట్టుకుంది. నాలుగు నెలలుగా లెక్కలో లేకుండా పరిగెత్తిన పిల్ల, తనొకతె ఉన్నానని మర్చిపోయింది. అది అర్థమయ్యాక నవ్వింది. చిన్న నవ్వు కాదు, వంగి మోకాళ్ళు పట్టుకుని నవ్వింది. పరిగెత్తుకెళ్ళి బుడ్డోడి పక్కన కూర్చుని, అక్కణ్ణించి చెయ్యి ఊపింది.

"నాన్నా, నేను అవుటయ్యా."

తప్పు పుట్టకుండా చేసేందుకు తొమ్మిదేళ్ళు కష్టపడినవాణ్ణి, నా కూతురు చేసిన ఒక తప్పు చూసి నలుగురిలో ఏడ్చేశాను. అలాగే సంతకం పెట్టాను, దానిమీద కన్నీటి బొట్టు పడి సిరా అలుక్కుపోయింది. భూషణం గారు ఆ కాగితం అలాగే మడిచి జేబులో పెట్టుకున్నారు.

తర్వాతి ఆటలో ఇరవై నాలుగు వెలిగింది. లోపల ముగ్గురున్నారు. ఇందీవర ముందు తన గుండెమీద వేలు పెట్టుకుని, ఆ తర్వాత మిగతావాళ్ళని లెక్కపెట్టి, మళ్ళీ ఆరే అంది. ఈసారి వెలుగు నిలిచింది. భూషణం గారు చల్లారిన టీ పక్కన పెట్టి, ఈ ఆట నియమాలు ఎవరైనా రాసి ఇస్తారా అని రాహేలు టీచర్ని అడిగారు. నాకేం తెలుసండీ, అదిగో ఆ పిల్లల్ని అడగండి, అందావిడ. ఆయన నిజంగానే చెప్పులు విప్పి చాపమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. బ్లెస్సీ చెబుతుంటే రాసుకున్నారు.

ఆ వేసవిలోగా నాలుగు వందల పన్నెండు బళ్ళ నుంచీ పలకలు వెనక్కి వచ్చాయి. నా కుర్చీ పోయింది, హక్కు పోయింది. వెలుగు చాప మొదటి విడతగా ముప్ఫై బళ్ళకి వెళ్ళింది. దాని మీద నా పేరు లేదు. ఇరవై ముగ్గురు పిల్లల పేర్లున్నాయి, నాలుగో నియమం బ్లెస్సీ అన్నది అన్నట్టే ఉంది. నా పత్రాన్ని మొదట్లో అరటిపండు శాస్త్రమని నవ్విన పెద్దలు, ఇప్పుడు వాళ్ళ యంత్రాలకి అదే పద్ధతి పెట్టుకుంటున్నారు. నవ్విన నాపచేనే పండింది. ప్రస్తుతం నా ఉద్యోగం పొద్దున్నే చాప దులిపి పరవడం. రాహేలు టీచరు పెద్దగా వంకలు పెట్టదు.

కమిటీ వచ్చిన ఆ రోజు సాయంత్రం శశికళ పెసరట్లు పోస్తుంటే ఇందీవర పొయ్యి గట్టు పక్కన నిలబడి మొదలుపెట్టింది. ఆ రోజు తను పదకొండు సార్లు తేలిందట. పదకొండూ ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. ఎవరు తోశారో, ఎక్కడ జారిందో, మస్తాను ఎలా మోసం చెయ్యబోయాడో, బుడ్డోడు ఏడో ఆటలో ఎలా నెగ్గాడో. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగలేదు. ఒక ఏడాదిన్నర మాటలు ఎక్కడ దాచుకుందో ఏమో. శశికళ చేతిలో అట్లకాడ అలాగే ఉంది, పెనం మీద అట్టు మాడుతోంది, తిప్పాలని తోచట్లేదు ఆమెకి.

"తొమ్మిదో ఆటలో ఇరవై ఎనిమిది వచ్చింది. లోపల ఆరుగురున్నారు, నాతో ఏడుగురు. తలా ఎన్ని, చెప్పు నాన్నా?"

నేను దాని ముఖమే చూస్తున్నాను, లెక్క సగమే విన్నాను. ఏదో ఒకటి చెప్పాలి కదా అని ఐదు అన్నాను.

"నాలుగు. నువ్వు అవుట్ నాన్నా, పక్కకి జరుగు" అంది మా అమ్మాయి.

పళ్ళెం తీసుకుని గోడవారకి జరిగి కూర్చున్నాను.